బయటి బల్ల మీద చిన్న గిన్నె

క్యారీ,
24 ఆగస్టు 2025

అన్నయ్యా,

రాధ నమస్కారాలు. ఇక్కడ అందరం బాగున్నాం అని రాయబోయి ఆగాను. బాగున్నామో లేదో ఇది చదివి నువ్వే చెప్పు.

మొన్న ఫోన్‌లో నీకు వినపడాలని నేను అరుస్తుంటే, ఏమైందోనని మా అమ్మాయి రష్మి పొట్ట పట్టుకుని మెట్లు దిగి వచ్చింది. ఎనిమిదో నెల నడుస్తున్న పిల్లని అలా పరుగెత్తించకూడదు. నీ చెవులకు మిషన్ కుదిరేదాకా మనకి కాగితమే మేలు. నువ్వు ట్రాయ్‌లో, నేను ఇక్కడ, ఇద్దరం ఒకే అమెరికాలో ఉండి కూడా ఉత్తరాలు రాసుకుంటున్నామంటే మీ అబ్బాయి రామమోహన్ నవ్వుతాడు. నవ్వనీ.

రష్మి పాదాలు వాచాయి. బీపీ ఒకరోజు ఎక్కువ, ఒకరోజు మామూలు. ఉప్పు తగ్గించి వండుతున్నాను. నేను అసలు రాయాలనుకున్నది మా వియ్యపురాలి సంగతి. షూచిన్ గారు గుర్తుందా, పెళ్ళిలో నీ పంచె అంచు పట్టుకుని చూసి మెచ్చుకున్న తైవాన్ ఆవిడ? భర్త పోయాక మా అల్లుడు కెవిన్ తల్లిని ఇక్కడికే తెచ్చుకున్నాడు. ఆవిడకి ఇంగ్లీషు నాకు వచ్చినంతే. వంటింట్లో ఇద్దరం వేళ్ళతో మాట్లాడుకుంటాం. మంచి మనిషే అనుకున్నాను.

నిన్న ఉదయం నుంచి ఆవిడ ఒకటే వంట. ఎవరొస్తున్నారని రష్మిని అడిగాను. "గుడ్ బ్రదర్స్ వస్తారట అమ్మా" అంది. కెవిన్ మేనమామలేమో అనుకుని నేను చీర మార్చుకుని, ఇంత పులిహోర కలిపాను. బల్ల మాత్రం ఇంట్లో వేయలేదు. గరాజ్ ముందు, డ్రైవ్‌వేలో, వీధి వైపు తిప్పి వేశారు. పక్కన బేసిన్‌లో నీళ్ళు, కొత్త టవల్, దువ్వెన. ప్రతి గిన్నెలోనూ ఒక అగరొత్తి గుచ్చారు. నా పులిహోరలో కూడా. ఆవిడ చేతులు జోడించి నిలబడింది. ఎవరూ రాలేదు. తర్వాత ఇనప డబ్బాలో బంగారు రేకు అతికించిన పసుపు కాగితాలు వేసి తగలబెట్టింది.

"వాళ్ళు రాలేదేమే?" అన్నాను.

రష్మి నా చెవి దగ్గరికి వచ్చింది. "అమ్మా, బ్రదర్స్ అంటే నిజంగా బ్రదర్స్ కాదు. ఆ పేరు పైకి అనకూడదు కాబట్టి అలా పిలుస్తారు. చచ్చిపోయినవాళ్ళు."

ఎండలో నిలబడి ఉన్నా నా వీపు చల్లబడింది. సామాన్లు తీసేటప్పుడు ఆ టవల్ ముట్టుకున్నాను. ఒక చివర తడిగా ఉంది. గాలికి నీళ్ళలో పడిందేమో.

ఇంకో మాట నీతోనే అంటున్నాను. కిందటేడు ఇండియాలో కన్నతండ్రి పోతే వీసా స్టాంపింగ్ దొరకలేదని రాని పిల్ల, నిన్న ఆ బల్ల వైపు చూస్తూ అద్దం తలుపు వెనక కళ్ళ నీళ్ళతో నిలబడింది. నాకు కష్టమనిపించింది. దాన్ని ఏమీ అనలేదులే.

మోకాళ్ళకు తైలం రాసుకుంటున్నావా?

నీ చెల్లెలు,
రాధారాణి

*

ట్రాయ్,
29 ఆగస్టు 2025

రాధకు అన్నయ్య ఆశీస్సులు.

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ముప్పై ఏళ్ళు చరిత్ర పాఠాలు చెప్పినవాడికి ఇలాంటి ప్రశ్న వేస్తే ఊరుకోడు. ఇక్కడి లైబ్రరీకి రోజూ వచ్చే చెన్ గారని ఒక పెద్దాయన ఉన్నాడు. నాకు వినపడదు కాబట్టి ఆయన కాగితం మీద ఇంగ్లీషులో రాసి చూపిస్తాడు. ఆయన్ని పట్టుకుని కూర్చున్నాను.

వాళ్ళ పంచాంగంలో ఇది ఏడో నెల. ఈ నెల మొదటి రోజున కింది లోకం తలుపులు తెరుస్తారట. నెలంతా పోయినవాళ్ళు ఈ లోకంలో తిరుగుతారు. పౌర్ణమి నాడు పెద్ద పండుగ. అమావాస్యకి తలుపులు మూస్తారు. మన మహాలయ పక్షాలు ఆ పౌర్ణమి వెళ్ళగానే మొదలై, ఈసారి అదే అమావాస్యతో ముగుస్తున్నాయి. చూశావా చిత్రం!

దీనికి మూలమైన కథలో ఉన్నవాడు మనవాడే. బుద్ధుడి శిష్యుడు మౌద్గల్యాయనుడు. వాళ్ళు మూలియెన్ అంటారు. తల్లి చనిపోయాక ఎక్కడుందోనని దివ్యదృష్టితో చూశాడు. ఆవిడ ఆకలి ప్రేతమై ఉంది. పొట్ట బాన, గొంతు సూది బెజ్జం. కొడుకు అన్నం తీసుకెళ్ళి పెడితే, నోటి దగ్గరికి వెళ్ళగానే నిప్పయిపోయింది. ఏడుస్తూ గురువు దగ్గరికి వెళ్ళాడు. నీ ఒక్కడి వల్ల కాదు, ఏడో నెల పౌర్ణమి నాడు భిక్షువులందరికీ అన్నం పెట్టు, ఆ పుణ్యం ఆమెకు అందుతుంది అన్నాడు బుద్ధుడు. ఇక్కడి నుంచి వెళ్ళిన కథకి అక్కడి పెద్దల కొలుపు తోడై పండుగ అయింది. తావో మతంవాళ్ళేమో ఆ రోజు భూలోక పాపాలు లెక్కచూసే దేవుడి పుట్టినరోజంటారు.

కాబట్టి సంగతి తెలిస్తే భయం పోతుంది. అయితే చెన్ గారు కెమికల్ ఇంజనీరుగా రిటైరైన మనిషి, ఈ నెల మాత్రం ఈతకు వెళ్ళడట. ఎందుకని అడిగితే నవ్వి కాగితం మడిచేశాడు.

రష్మికి, మేనమామ అడిగాడని చెప్పు.

వెంకట రమణ

*

క్యారీ,
2 సెప్టెంబరు 2025

అన్నయ్యా,

సంగతి తెలిస్తే భయం పోతుందన్నావు. నాకు పెరిగింది.

మొన్న సాయంత్రం రష్మి వెనక చెట్ల దాకా నడుస్తూ వెళ్ళింది. ఈ ఇంటి వెనక అన్నీ పైన్ చెట్లే, వెలుతురు తొందరగా పోతుంది. కనపడక "రష్మీ!" అని గట్టిగా కేక వేశాను. వియ్యపురాలు ఎక్కణ్ణించి వచ్చిందో, వచ్చి నా నోరు మూసేసింది. అరచెయ్యి అల్లం వాసన. ఆవిడ కళ్ళు నన్ను చూడటం లేదు, నా వెనక చెట్లలోకి చూస్తున్నాయి. పేరు పెట్టి పిలిస్తే వేరేవాళ్ళు పలుకుతారట. కెవిన్ తర్వాత చెప్పాడు, "సారీ ఆంటీ" అని. అప్పటి నుంచి నా కూతుర్ని నేను చప్పట్లు కొట్టి పిలుస్తున్నాను.

ఇది కూడా సరే అనుకుందును. ఆ బల్ల తీసేయలేదు. రోజూ పొద్దువాలే వేళకి దాని మీద ఒక గిన్నె పెడుతోంది. పెద్దవాళ్ళ గిన్నె కాదు. నా అరచేతిలో పట్టేంత. పాలు పోసి మెత్తగా ఉడికించిన జావ, ఒక బుల్లి చెంచా. నిన్న దాని పక్కన కాగితంతో చేసిన ఎర్ర చొక్కా, నా బొటనవేలంత బూట్లు. అన్నయ్యా, అవి పసిపిల్లల బట్టలు. వాటిని డబ్బాలో వేసి కాల్చింది. కాలుతున్నంతసేపూ మెల్లగా ఏదో మాట్లాడింది, బుజ్జగిస్తున్నట్టు.

ఎవరికని వేళ్ళతో అడిగాను. పైన రష్మి గది కిటికీ చూపించింది. చేత్తో తన పొట్ట తడుముకుంది. తర్వాత పెదాల మీద వేలు పెట్టుకుంది, చెప్పొద్దు అన్నట్టు.

ఇంకా పుట్టని బిడ్డకి, చచ్చిపోయినవాళ్ళ బల్ల మీద అన్నం ఎందుకు? బట్టలు కాల్చడం ఎందుకు? రష్మిని అడుగుదామంటే దాని బీపీ. కెవిన్‌ని అడిగితే తల్లిని అనుమానించినట్టవుతుంది. చెన్ గారిని అడిగి వెంటనే రాయి.

రాధ

*

ట్రాయ్,
6 సెప్టెంబరు 2025

రాధా,

నీ ఉత్తరం అందగానే చెన్ గారి దగ్గరికి వెళ్ళాను. గిన్నె మాట, బట్టల మాట చెప్పలేదు, ఇంటి విషయం కదా అని. ఊరికే, ఈ నెలలో గర్భిణులకు ఏమైనా భయముందా అని మాత్రం అడిగాను. ఆయన కాగితం నిండా రాశాడు.

నీళ్ళలో పడి పోయినవాళ్ళు, అకాలంగా పోయినవాళ్ళు, పోయినచోటే ఇరుక్కుపోతారట. తమ చోట ఇంకొకరిని నిలబెడితే తప్ప విడుదల లేదట. ఆయన ఈతకు పోనిది అందుకే. వాళ్ళ మేనత్త కొడుకు ఈ నెలలోనే చెరువులో పోయాడట, ముందేడు ఇంకో పిల్లవాడు పోయినచోటే.

నేను ఇలాంటివి నమ్మను. నమ్మనని రాస్తూనే వెళ్ళి గది తలుపు గడియ వేసి వచ్చాను. వియ్యపురాలు చెడ్డదని అనను. కానీ ఆవిడ తన భర్త కోసమో, ఇంకెవరి కోసమో ఏదైనా మొక్కుకుందేమో మనకేం తెలుసు? బతికున్న బిడ్డ పేరున ఆ గిన్నె పెడుతుంటే, అది అక్కడ ఉండనీయకు. గొడవ పడకుండా తీసెయ్. రష్మి పక్కనే పడుకో.

ఇవాళ పౌర్ణమి పండుగట వాళ్ళకి. జాగ్రత్త.

అన్నయ్య

*

క్యారీ, ఆస్పత్రి నుంచి,
12 సెప్టెంబరు 2025

అన్నయ్యా,

రామమోహన్‌కి కెవిన్ ఫోన్ చేసి చెప్పాడట, నీకు తెలిసే ఉంటుంది. నాతో మాట్లాడేవాళ్ళు ఇక్కడ ఎవరూ లేరు. నీకు రాస్తే కాస్త ఊపిరి ఆడుతుందని రాస్తున్నాను.

నీ ఉత్తరం అందిన సాయంత్రం ఆవిడ గిన్నె పెట్టి లోపలికి వెళ్ళగానే నేను బయటికి వెళ్ళాను. జావ పొదల్లో పారబోశాను. గిన్నె చెత్తబుట్టలో పడేశాను. కాగితం బూట్లు నలిపేశాను. నలుపుతుంటే కాగితం చప్పుడుకి నాకే భయమేసింది. తిరిగి చూసేసరికి ఆవిడ తలుపులో ఉంది.

కొడుతుందనుకున్నాను. ఆవిడ నన్ను దాటిపోయి గడ్డిలో మోకాళ్ళ మీద కూర్చుని, పడిపోయిన జావని వేళ్ళతో ఎత్తుకోవడం మొదలుపెట్టింది. ఏడుస్తూ వాళ్ళ భాషలో ఏదో అరిచింది. "నా బిడ్డ జోలికి రావద్దు!" అని నేను తెలుగులో అరిచాను. పక్కింటివాళ్ళు బయటికి వచ్చారు.

ఆ అరుపులకి రష్మి వచ్చింది. ఖాళీ బల్ల చూసింది, గడ్డిలో అత్తగారిని చూసింది, నా చేతిలో నలిగిన ఎర్ర కాగితం చూసింది.

"అమ్మా, ఏం చేశావ్?"

ఆ మాట అంటూనే తల పట్టుకుంది. కళ్ళ ముందు మెరుపులు కనిపిస్తున్నాయంది. అక్కడే సిమెంటు మీద కూర్చుండిపోయింది. కెవిన్ కారులో వేసుకుని వచ్చాడు. బీపీ తలకెక్కుతోంది, ఇంక ఆగితే ఇద్దరికీ ప్రమాదమని వెంటనే ఆపరేషన్ చేశారు. ఆడపిల్ల. అద్దాల పెట్టెలో ఉంది. ముక్కులో గొట్టం. ఛాతీ పిచ్చుక గుండెలా కొట్టుకుంటోంది. రష్మికి ఇంకా మత్తు వదలలేదు, బీపీ దిగడం లేదు.

వియ్యపురాలు ఎదురు కుర్చీలో కూర్చుని ఉంది. గోళ్ళలో ఇంకా మట్టి. నన్ను చూడదు. ఆవిడ పెట్టినందుకు ఇలా అయిందని నా భయం. నేను తీసినందుకు అయిందని ఆవిడ భయం అనుకుంటాను. ఎవరి భయం నిజమైనా పోయేది నా కూతురే కదా అన్నయ్యా.

నర్సు లోపలికి వెళ్ళినప్పుడల్లా ఇద్దరం ఒకేసారి లేచి నిలబడుతున్నాం.

రాధ

*

ట్రాయ్,
15 సెప్టెంబరు 2025

రాధా,

రామమోహన్ నీ ఫోన్‌కి రోజూ మెసేజ్ పెడుతున్నాడు. రష్మి కళ్ళు తెరిచిందని విన్నాక ఈ పూట అన్నం తిన్నాను.

ఇవాళ చెన్ గారికి మొత్తం చెప్పాను, ఏదీ దాచకుండా. ఆయన అంతా విని నా మీద కోప్పడ్డాడు. ముందే ఈ మాట అడగాల్సింది కదా అని అంత పెద్ద అక్షరాలతో రాశాడు. వాళ్ళ ఇళ్ళలో పోయిన పెద్దలకు లోపల, వాళ్ళ పూజా పీఠం దగ్గర వడ్డిస్తారట. బయటి బల్ల, పెట్టే దిక్కులేక తిరిగేవాళ్ళ కోసం. బతికున్నవాళ్ళకి ఆ బల్ల మీద ఎవరూ ఏదీ పెట్టరు. ఆకలి తీర్చి శాంతపరచడమే తప్ప ఒకరిని అప్పగించే మొక్కు అందులో లేనే లేదట.

అంటే అక్కడ పసిబిడ్డ గిన్నె ఉందంటే, ఎవరో పసిబిడ్డ పోయి ఉండాలి. ఎవరో నేను ఊహించను. నువ్వే మెల్లగా అడుగు. ముందు ఆవిడ పక్కన వెళ్ళి కూర్చో.

ఆదివారం మహాలయ అమావాస్య. నాన్నకి, అమ్మకి, మీ ఆయనకి ఇక్కడే నీళ్ళు వదులుతాను. చివర్న, నా అన్నవాళ్ళు లేనివాళ్ళందరికీ ఒక దోసెడు వదలడం మన ఆచారం. ఆ బిడ్డ ఎవరైనా సరే, ఆ దోసెట్లో తలుచుకుంటాను.

అన్నయ్య

*

క్యారీ,
18 సెప్టెంబరు 2025

అన్నయ్యా,

నీ ఉత్తరం నిన్న అందింది. కానీ అప్పటికే రష్మి చెప్పింది.

మొన్న దాని పక్కన కూర్చుని జుట్టు చిక్కు తీస్తున్నాను. బీపీ దిగింది, మొహం తేటపడింది. కళ్ళు మూసుకునే అడిగింది. "అమ్మా, నాన్న పోయినప్పుడు నేనెందుకు రాలేదో తెలుసా?"

"వీసా కదే."

"వీసా కాదమ్మా. అప్పుడు నేను ఇదే హాస్పిటల్‌లో ఉన్నా. ఫిఫ్త్ మంత్. స్కాన్‌లో హార్ట్‌బీట్ లేదన్నారు. పాప. మూడు నెలలు దాటాక చెబుదామనుకున్నా, అప్పటికే నాన్నని ఐసీయూలో పెట్టారు. నువ్వక్కడ నాన్న దగ్గర నేల మీద పడుకుంటున్నావు. నీకెలా చెప్పను?"

దువ్వెన నా చేతిలోనే ఉండిపోయింది. ఏడాదిపాటు ఈ పిల్ల మీద మనసులో ఎన్నెన్ని అనుకున్నాను! నేను ఫోన్ పెట్టేసిన ప్రతిసారీ అది ఒక్కతే ఏడ్చేదట. "ఒక్కదాన్నే కాదులే, అత్తయ్య పక్కన కూర్చునేవారు" అంది.

గిన్నె సంగతి కెవిన్ తల్లిని అడిగి నాకు చెప్పాడు. పుట్టకుండానే పోయిన బిడ్డకి వాళ్ళ పీఠం మీద చోటు లేదట. పెద్దవాళ్ళు చిన్నవాళ్ళకు దణ్ణం పెట్టకూడదు. అందుకని బయటి బల్ల. అక్కడ కూడా ఆవిడకి భయమే. ఎవరెవరో వస్తారు, పెద్ద పెద్దవాళ్ళు, ఆకలితో ఉన్నవాళ్ళు, వాళ్ళ మధ్య తోసుకుని ఆ పిల్ల ఏం తింటుంది? అందుకే రోజూ చివర్న విడిగా, చిన్న గిన్నె. ఆవిడ నాకు చేసిన కిటికీ సైగకి అర్థం, ఆ తల్లి ముందు, అంటే రష్మి ముందు, ఆ మాట ఎత్తొద్దని.

నేను పారబోసింది నా మనవరాలి అన్నం.

వెళ్ళి ఆవిడ ముందు నిలబడ్డాను. నాకు ఇంగ్లీషులో క్షమించమనడం కూడా సరిగ్గా రాలేదు. ఆవిడ చేతులు పట్టుకున్నాను. ఆవిడ వదిలించుకుంది. ఆ రోజంతా అంతే. మర్నాడు పొద్దున నా కుర్చీ మీద వేడి నీళ్ళ ఫ్లాస్కు పెట్టి వెళ్ళింది.

నిన్న ఇద్దరం ఇంటికి వెళ్ళాం, స్నానాలకని. సాయంత్రం పాలల్లో బియ్యం నేనే ఉడికించాను. ఆవిడ పక్కన నిలబడి ఇంకా మెత్తగా, ఇంకా అని చూపించింది. బయటికి తీసుకెళ్ళాను. గాలి లేదు, చెట్లు కదలడం లేదు, వీధిలో ఒక్క కారు లేదు. బల్ల మీద పెట్టబోయి పెట్టలేకపోయాను. ఇంత పిల్లని వీధిలో కూర్చోబెట్టి ఎలా లోపలికి వెళ్ళను? గిన్నె పట్టుకుని తలుపు దగ్గరికి తిరిగి వచ్చాను. ఆవిడ చెయ్యి అడ్డం పెట్టింది. దీని వెనకే ఎవరెవరు లోపలికి వస్తారో అని ఆవిడ భయం. నాకు మాత్రం లేదా? వెనక్కి తిరిగి చూసే ధైర్యం లేదు. గడపకి ఆ పక్క ఆవిడ, ఈ పక్క నేను, మధ్యలో ఆవిరి పోతున్న గిన్నె.

చివరికి ఆవిడే పక్కకి తప్పుకుంది. పీఠం మీద పెట్టలేదు, దాని పక్కన చిన్న స్టూలు వేసింది. నేను లోపలికి రాగానే తలుపు వేసి, రెండుసార్లు లాగి చూసుకుంది. తర్వాత ఇద్దరం నేల మీద కూర్చున్నాం.

పాప ఇవాళ గొట్టం లేకుండా ఊపిరి తీసింది. ఇంకా కొన్నాళ్ళు పెట్టెలోనే ఉంచుతారట. బరువు పెరగాలి. భయం పోయిందని అబద్ధం ఎందుకు రాయాలి? ఫోన్ మోగితే ఇప్పటికీ ఆస్పత్రి నుంచేమోనని పరుగెత్తుతున్నాను.

ఇది ఆదివారం లోపల నీకు చేరాలని కెవిన్ వేగంగా వెళ్ళే పోస్టులో వేస్తానన్నాడు. నువ్వు ఆ బిడ్డని చివరి దోసెట్లో తలుచుకుంటానన్నావు. వద్దు అన్నయ్యా. ఆ దోసెడు నా అన్నవాళ్ళు లేనివాళ్ళది. దీనికి మనమంతా ఉన్నాం. శాస్త్రం ఒప్పుకోదని నాకూ తెలుసు. నువ్వు మటుకు నాన్న తర్వాత, అమ్మ తర్వాత, మీ బావ తర్వాత దీనికి విడిగా నీళ్ళు వదులు. వాళ్ళు మనసులో అనుకున్న పేరు ఇవాళ రష్మి నాకు చెప్పింది. నిధి.

గోత్రం దగ్గర ఆగిపోకు. కెవిన్ వాళ్ళ ఇంటిపేరే, లిన్ అని చెప్పు.

రాధ